దుండిగల్ కంటే ముందు మన పైలట్లు ఎక్కడ నేర్చుకున్నారు? (బేగంపేట, 1943 లాగ్‌బుక్)

పాత_పెట్టె
ఇంటికి రంగులు వేయిస్తూ నాన్నగారి ట్రంకుపెట్టె జరిపితే మా పెదతాతగారి లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం, చేతికి వచ్చింది. ఆయన మా తాతగారికి అన్న, యుద్ధకాలంలో వైమానిక దళంలో పైలట్. మొదటి పేజీల్లో ఊరి పేరు బేగంపేట, సంవత్సరం 1943, విమానం టైగర్ మాత్. తర్వాత పేజీల్లో ఊరు అంబాలా, విమానం హార్వర్డ్.

ఇది చూపిస్తే మా బంధువు ఒకాయన నలుగురిలో కొట్టిపారేశారు. "వైమానిక దళం శిక్షణ దుండిగల్ అకాడమీలో 1971లో మొదలైంది. బేగంపేట మామూలు విమానాశ్రయం. మీ పెదతాత అక్కడ గుమస్తాగా చేసి ఉంటారు" అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. తెలిసినవారు మూడు సంగతులు చెప్పండి. బేగంపేటలో నిజంగా పైలట్ల బడి ఉండేదా? ప్రతి వరుసలో 4, 6, 7, 8 అని అంకెలు వేసి ఉన్నాయి, అవి ఏమిటి? అంబాలా పేజీల్లో కొన్ని వరుసలు మాత్రం ఎర్ర సిరాతో ఎందుకు రాశారు?

హకీంపేట_గాలి
ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలో తొలిదశ ఎగరడం నేర్పిన బడులు రెండు, ఒకటి బేగంపేటలో, ఇంకొకటి జోధ్‌పూర్‌లో. అక్కడ టైగర్ మాత్ మీద నేర్చుకున్నవారు తర్వాతి దశకు అంబాలా వెళ్లి హార్వర్డ్ ఎక్కేవారు. మీ పుస్తకంలోని వరుస అచ్చంగా అదే. గుమస్తాలకు లాగ్‌బుక్ ఇవ్వరని మీ బంధువుకు చెప్పండి.

రేవు_దగ్గర
దుండిగల్ 1971 కాదు, 1967 అని చదివాను.

హకీంపేట_గాలి
రెండూ సరైనవే. 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. శిక్షణ మొదలైంది 1971లో. ఏడు వేల ఎకరాల పైచిలుకు నేల, రన్‌వేలు, వసతిగృహాలు, ఇవన్నీ నాలుగేళ్లలో లేచాయి. అంతకుముందు తొలిదశ అలహాబాద్ దగ్గరి బమ్‌రౌలీలో, తర్వాతది జోధ్‌పూర్‌లో, నేలమీది ఉద్యోగాలవారికి కోయంబత్తూరులో జరిగేది. విడివిడిగా ఉన్న వీటిని ఒక్కచోటికి తేవడానికే అకాడమీ కట్టారు. అంటే బడులు ముందే ఉన్నాయి, దుండిగల్ వాటికి ఇల్లయింది.

నక్షత్రాల_లెక్క
అంకెల సంగతి నేను చెబుతాను. నేను పదవీ విరమణ చేసిన నావిగేటర్‌ని, విమానంలో దారి లెక్కగట్టేవాణ్ణి. అవి పాఠాల సంఖ్యలు. బ్రిటిష్ పద్ధతిలో ఎగరడాన్ని అభ్యాసాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు. 4 అంటే ఎత్తు మారకుండా, పక్కకు వాలకుండా నేరుగా ఎగరడం. 6 మధ్యరకం మలుపులు. 7 గాలికి ఎదురుగా టేకాఫ్. 8 దిగడానికి సంబంధించింది. మొదటి సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, ముందు పేజీలు తిరగేయండి, 7, 8 పదేపదే కనిపిస్తాయి. కొత్తవాడి గంటలన్నీ ఆ రెండింటికే ఖర్చవుతాయి.

ఎర్ర సిరా అంటే రాత్రి ఎగిరినట్టు. పగలు నల్ల సిరా, రాత్రి ఎర్ర సిరా.

పాత_పెట్టె
మీరు చెప్పినట్టే ఉంది! ఒకే రోజు "6, 7, 8" మూడుసార్లు ఉంది. తర్వాత రోజు "7, 8" మాత్రమే, 40 నిమిషాలు. ఆ కింది వరుసలో పైలట్ గడిలో అప్పటిదాకా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పేరు లేదు, రెండో పైలట్ గడిలో ఒక అడ్డగీత మాత్రం ఉంది. సమయం 10 నిమిషాలు. ఇదేనా సోలో?

నక్షత్రాల_లెక్క
అదే. పది నిమిషాలంటే ఒక్క చుట్టు. లేచి, రన్‌వే చుట్టూ తిరిగి, దిగడం. ఆ అడ్డగీత మీద చేయి పెట్టి చూడండి. ఎదురుగా సీటు ఖాళీగా ఉన్న క్షణం అది.

రేవు_దగ్గర
ఎదురుగానా? పక్కన కదా?

మాజీ_ఫిట్టర్
టైగర్ మాత్‌లో ఇన్‌స్ట్రక్టర్ ముందు, నేర్చుకునేవాడు వెనక. సోలో కూడా వెనక సీటు నుంచే, లేకపోతే బరువు సమతూకం తప్పుతుంది. అందుకే ఆయన గారు చెప్పినట్టు ముందు సీటు ఖాళీ. నేను ఆ కాలంవాణ్ణి కాను. ఇంజన్ పని నేర్పిన మా పెద్దాయన ఆ విమానాల మీద చేసినవాడు, ఆయన చెప్పగా విన్నాను. బ్రేకులు లేవు. సెల్ఫ్ స్టార్టర్ లేదు, ఒకడు ముందు నిలబడి పంకాను (ప్రొపెల్లర్‌ను) చేత్తో తిప్పాలి. తిప్పేముందు స్విచ్ ఆఫ్‌లో ఉందా అని పైకి అరవాలి, లోపలివాడు మళ్లీ అరిచి చెప్పాలి. ఒకరి మాట ఒకరికి వినబడే దాకా చెయ్యి పంకా మీద పెట్టకూడదు. నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. జెట్‌లు వచ్చాక కూడా మా పెద్దాయన ఆ అరుపు మానలేదు.

గట్టు_మీద
మరి గాలిలో ఇద్దరూ ఎలా మాట్లాడుకునేవారు? తెరిచిన కాక్‌పిట్, ఇంజన్ హోరు.

మాజీ_ఫిట్టర్
రబ్బరు గొట్టం. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర గరాటు లాంటి నోరు, వెనకవాడి చెవుల దగ్గరికి రెండు కొసలు. డాక్టరు స్టెతస్కోపు అనుకోండి.

నక్షత్రాల_లెక్క
దాని పేరు గాస్‌పోర్ట్ గొట్టం, ఇంగ్లండులోని ఊరి పేరు మీద వచ్చింది. 1917లో స్మిత్-బారీ అనే అధికారి అక్కడ ఎగరడం నేర్పే పద్ధతినే మార్చేశాడు. అంతకుముందు నేర్పేవారు ప్రమాదకరమైన స్థితుల్లోకి పోవద్దని మాత్రమే చెప్పేవారు. ఇతను జంట కంట్రోళ్లున్న విమానంలో కూర్చోబెట్టి, కావాలనే ఆ స్థితిలోకి దించి, బయటికి రావడం నేర్పించాడు. విమానం ఎందుకు అలా చేసిందో గొట్టంలో చెబుతూ ఉండేవాడు. ఇవాళ దుండిగల్‌లో జరిగే పాఠం కూడా మూలంలో ఇదే.

తూర్పు_కిటికీ
ఆ బడులు బ్రిటిష్‌వారు తమ యుద్ధం కోసం పెట్టుకున్నవి. మన చరిత్ర అని మురిసిపోవడం నాకు నచ్చదు.

హకీంపేట_గాలి
ఎవరి అవసరానికి పెట్టారన్నది నిజమే. నేర్చుకున్నది మాత్రం మనవాళ్లు. 1932 అక్టోబరు 8న దళం పుట్టినప్పుడు, ఇంగ్లండులోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో చదివి పైలట్లుగా కమిషన్ పొందిన భారతీయులు ఐదుగురే. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో నాలుగు వాపిటి విమానాలతో ఒక్క స్క్వాడ్రన్. యుద్ధం ముగిసేసరికి తొమ్మిది స్క్వాడ్రన్లు. ఇందరిని క్రాన్‌వెల్ ఇవ్వలేదు, వాల్టన్, బేగంపేట, జోధ్‌పూర్, అంబాలా ఇచ్చాయి. ఆ మొదటి ఐదుగురిలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ 1954లో మన దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆయన చేతికి వచ్చిన దళంలో సగం బలం ఈ బడుల పుణ్యమే.

తూర్పు_కిటికీ
స్వాతంత్ర్యం వచ్చాక ఆ బడులు ఏమయ్యాయి?

హకీంపేట_గాలి
పంచుకున్నారు. లాహోర్ పక్కనున్న వాల్టన్, డ్రిగ్ రోడ్, రిసాల్‌పూర్ అటు పోయాయి. పాకిస్తాన్ తన అకాడమీని రిసాల్‌పూర్‌లోనే పెట్టుకుంది. అంబాలా, జోధ్‌పూర్, బేగంపేట మనకు మిగిలాయి. 1948లో అంబాలాలోనే ఇన్‌స్ట్రక్టర్లకు నేర్పే బడి పెట్టారు. 1954లో దాన్ని తాంబరం తరలించారు, ఇప్పటికీ అక్కడే. 1949లో బెంగళూరు కేంద్రంగా శిక్షణకు ప్రత్యేక కమాండ్ వచ్చింది. నన్ను అడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే తెలివైన పని ఆ 1948 నిర్ణయం. దేశం ముక్కలై ఏడాది కాలేదు, కశ్మీర్‌లో పోరు నడుస్తోంది. అలాంటప్పుడు అనుభవమున్న పైలట్లను యుద్ధం నుంచి పక్కకు తీసి పాఠం చెప్పడం నేర్పించాలంటే గుండె ధైర్యం కావాలి.

తూర్పు_కిటికీ
ఆ సంగతి తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నక్షత్రాల_లెక్క
ఇంతసేపటి నుంచి అందరూ పైలట్, పైలట్ అంటున్నారు. ఒక్కరైనా మిగతా సిబ్బందిని తలచుకోరేమిటి? నావిగేటర్, సిగ్నలర్, ఫ్లైట్ ఇంజనీర్, గన్నర్ కూడా శిక్షణ పొందినవారే. యుద్ధకాలంలో కామన్వెల్త్ దేశాల కోసం కెనడాలో నడిపిన మహా శిక్షణ పథకంలో 1,31,000 మందికి పైగా తయారయ్యారు. వారిలో పైలట్లు 50,000 లోపే. తక్కినవారంతా మా జాతే.

మన దేశంలో లిబరేటర్ల కథే చూడండి. యుద్ధం అయిపోయాక ఆ పెద్ద బాంబర్లను పాడుచేసి కాన్పూర్‌లో వదిలేసి పోయారు. హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు వాటిని ఎగరగలిగేంత వరకు బాగుచేసుకుని, జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ చేత బెంగళూరుకు తెప్పించి, మరమ్మతు పూర్తిచేసి దళానికి ఇచ్చారు. అవి 1968 దాకా పనిచేశాయి. అలాంటి విమానాన్ని పైలట్ ఒక్కడు నడపలేడు. సముద్రం మీద గంటల తరబడి పోతే కింద గుర్తులు ఏమీ ఉండవు. ఎక్కడున్నామో చెప్పేవాడు కావాలి, రేడియో చూసేవాడు కావాలి, ఇంజన్లు చూసేవాడు కావాలి.

పాత_పెట్టె
మీరు ఎక్కడ నేర్చుకున్నారు?

నక్షత్రాల_లెక్క
బేగంపేటలోనే! 1980లలో. మీ పెదతాతగారు టైగర్ మాత్ దింపిన నేల మీదే మా నావిగేషన్ బడి.

మేము అవ్రో విమానంలో వెనక బల్లల దగ్గర కూర్చునేవాళ్లం. ఒళ్లో పటం, చేతిలో గుండ్రటి లెక్కల పళ్లెం, మైనపు పెన్సిల్. 200 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) పోతున్నాం, పక్క నుంచి 20 నాట్ల గాలి. పట్టించుకోకపోతే గంట తిరిగేసరికి 20 నాటికల్ మైళ్లు పక్కకు కొట్టుకుపోతాం. ప్రతి నావిగేటరూ నిద్రలో లేపినా చెప్పే సూత్రం ఒకటి ఉంది. దిశలో ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్లకు ఒక మైలు తప్పుతాం. ఒకసారి నేను గాలి దిశ తిరగేసి గీశాను. కింద చెరువు కనబడాల్సిన చోట కొండలు వచ్చాయి. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనలేదు. పెన్సిల్ తీసుకుని నా గాలి బాణానికి మొన అటు చివర పెట్టి పెన్సిల్ నా చేతికిచ్చారు. ఆ తర్వాత నేను బాణం మొన తప్పు పెట్టలేదు.

గట్టు_మీద
ఇంట్లో దారి చెబితే వింటారా మీ మాట?

నక్షత్రాల_లెక్క
మా ఆవిడ ఎప్పుడూ వినదు. ఆవిడ చెప్పిన దారే దగ్గరవుతుంది.

ఒకే_అవకాశం
నేను 2000ల తొలినాళ్లలో పైలట్ యోగ్యత పరీక్ష రాసి తప్పాను. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. మొదట డయల్ బొమ్మలు చూసి విమానం ఎటు వంగిందో చెప్పాలి, అది బాగానే చేశాను. తర్వాత యంత్రం. తెర మీద చుక్క కదులుతూ ఉంటుంది, దాన్ని చేతి కర్రతో, కాళ్ల పెడళ్లతో నడిమి చదరంలో ఉంచాలి. అదే సమయంలో దీపాలు వెలుగుతాయి, శబ్దాలు వస్తాయి, వాటినీ ఆపాలి. నా కాళ్లు, చేతులు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి. ఫలితం చదివినప్పుడు నా నంబరు రాలేదు. ఇప్పుడు ఆ పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతోంది, ఒక్కసారే అన్న నిబంధన మాత్రం అలాగే ఉంది. అది కఠినమే, కానీ సరైనదని నా నమ్మకం. సాధన చేసి పెంచుకున్న నేర్పు కాదు వారు చూసేది.

సాయంకాలం
మా మేనకోడలు తయారవుతోంది కాబట్టి అడుగుతున్నాను. ఆడపిల్లలు ఎప్పటి నుంచి ఉన్నారు?

హకీంపేట_గాలి
మహిళా పైలట్ల తొలి జట్టు 1994లో దుండిగల్ నుంచి బయటికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో హరితా కౌర్ దియోల్ అవ్రోను సోలోగా నడిపారు. యుద్ధవిమానాలకు మరో 22 ఏళ్లు పట్టింది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దుండిగల్ కవాతులోనే ఫైటర్ విభాగంలో అడుగుపెట్టారు. మీ మేనకోడలిని ఇప్పటి నుంచే కళ్లు జాగ్రత్తగా చూసుకోమనండి.

తూర్పు_కిటికీ
22 ఏళ్లంటే గుర్తొచ్చింది. అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్, అంటే యుద్ధవిమానం ఎక్కేముందు నేర్చుకునే జెట్, కొనడానికీ 22 ఏళ్లే పట్టింది కదా. ప్రమాదాల మీద వేసిన లా ఫాంటేన్ కమిటీ 1982లో అది కావాలంది, హాక్ విమానాలకు ఒప్పందం 2004లో జరిగింది. ఈ మధ్యలో పోయిన కుర్రవాళ్లకు జవాబు ఎవరు చెబుతారు?

రేవు_దగ్గర
ఆ కుర్రవాళ్లు నడిపిన మిగ్-21 యుద్ధవిమానమే లోపభూయిష్టమైనది. శిక్షణను ఎందుకు తప్పుపట్టడం?

మాజీ_ఫిట్టర్
మిగ్-21ని ఆ మాట అనకండి. దాని మీద చేయి వేసి బతికినవాణ్ణి. అది కొత్తవాడి కోసం చేసిన విమానం కాదు, అంతే. కిరణ్ అనే శిక్షణ జెట్ మీద నేర్చుకున్న కుర్రవాడు అస్సాంలోని తేజ్‌పూర్ వెళ్లి నేరుగా మిగ్ ఎక్కాల్సి వచ్చేది. కిరణ్ నెమ్మదస్తురాలు, తప్పు చేస్తే ఓర్చుకుంటుంది. మిగ్ దిగడానికి వచ్చేటప్పుడే గంటకు 300 కిలోమీటర్ల పైన ఉంటుంది, ముక్కు పైకెత్తి వస్తుంది, ముందు సరిగా కనబడదు. ఈ రెండింటి మధ్య ఒక మెట్టు ఉండేది కాదు. మెట్టు లేని చోట కాలు జారితే పై మెట్టును తిడతామా?

రేవు_దగ్గర
మీరు చెప్పింది అర్థమైంది. విమానం గురించి తొందరపడి అన్నాను. కానీ ఇంజన్ ఆగి పడిపోయినవి కూడా ఉన్నాయి కదా.

మాజీ_ఫిట్టర్
ఉన్నాయి. అన్నీ కుర్రవాళ్ల చేతి తప్పే అని నేనూ అనను.

హకీంపేట_గాలి
మొదటి మెట్టు కథా చెప్పాలి. మన సొంత శిక్షణ విమానం హెచ్‌టీ-2, విమాన రూపకర్త ఘాట్గే గారి నాయకత్వంలో రూపొంది 1951 ఆగస్టులో ఎగిరింది. మంచి విమానం. కిరణ్ 1964లో ఎగిరింది, అదీ ఆయన చలవే. హెచ్‌టీ-2 స్థానంలో హెచ్‌పీటీ-32 దీపక్ వచ్చింది. దానికి గాలిలో ఇంజన్ ఆగే జబ్బు పట్టుకుంది, ఆగాక జారుతూ దూరం పోగల శక్తీ తక్కువ. 2009లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ప్రాణాలు కోల్పోయాక దాన్ని నేలకు కట్టేశారు. మొదటి పాఠానికే విమానం లేని స్థితి! అప్పుడు రెండో దశలో వాడే కిరణ్ జెట్‌నే తొలి పాఠానికీ వాడారు. 2012లో స్విట్జర్లాండ్ వారి పిలాటస్ శిక్షణ విమానాలు 75 కొనడానికి ఒప్పందం కుదిరింది, 2013 నుంచి అవి దుండిగల్‌కు వచ్చాయి. మన హెచ్‌టీటీ-40 2016లో తొలిసారి ఎగిరింది, 70 కొనడానికి 2023 మార్చిలో ఆమోదం వచ్చింది.

సాయంకాలం
2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టర్, కేడెట్ ఇద్దరూ పోయారు. మంచి విమానం వచ్చినా ప్రమాదం ఉంటుంది. ఆ రోజు మా మేనకోడలు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మళ్లీ పుస్తకం తీసింది.

నక్షత్రాల_లెక్క
ఆ ఇద్దరినీ తలచుకుందాం. నేర్పేవాడు కూడా అదే విమానంలో ఉంటాడు.

పాత_పెట్టె
నిజం చెబితే నేను అసలు అడగదలచుకున్నది ఇంకొకటి ఉంది, ఇంతవరకు అడగలేకపోయాను. లాగ్‌బుక్‌లో బేగంపేట భాగం చివర ఒక ముద్ర, కింద అధికారి సంతకం, మధ్యలో చేత్తో రాసిన ఒకే మాట: "సగటు." నాన్నగారు చిన్నప్పటి నుంచి ఈ పుస్తకం అందరికీ చూపించేవారు గానీ ఆ పేజీ మాత్రం బొటనవేలితో మూసేసి తిప్పేవారు. ఆయనకు ఇప్పుడు 80 దాటాయి. పెదతాతగారు అంత బాగా నడిపేవారు కారా?

నక్షత్రాల_లెక్క
అయ్యో, అమ్మా! ఆ పేజీ మూయాల్సింది కాదు, తెరిచి చూపించాల్సింది. అక్కడ రాయడానికి ఉన్న మాటలు నాలుగే: అసాధారణం, సగటుకు పైన, సగటు, సగటుకు కింద. మొదటిది చాలా అరుదు. జట్టులో ఎక్కువమందికి పడేది "సగటు". దాని అర్థం దళం కోరిన ప్రమాణం అందుకున్నాడు, ముందుకు పంపండి అని. అందుకోలేనివారి పేజీలు అక్కడితో ఆగిపోతాయి. మీ పుస్తకంలో ఆ తర్వాత అంబాలా ఉంది, హార్వర్డ్ ఉంది, ఎర్ర సిరా ఉంది.

మాజీ_ఫిట్టర్
ఆయన చెప్పిందే. నేను చూసిన మంచి మంచి పైలట్ల పుస్తకాల్లో అదే మాట.

ఒకే_అవకాశం
ఆ మాట నా పేరు పక్కన రాయించుకోవడానికి నేను ఏమైనా ఇచ్చేవాణ్ణి.

గట్టు_మీద
పుస్తకాన్ని దయచేసి లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ సంచిలో కూడా పెట్టవద్దు, తేమ పట్టి సిరా పాకుతుంది. ఎండ తగలని చోట ఉంచి, ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

పాత_పెట్టె
రాత్రి నాన్నగారికి పైవన్నీ చదివి వినిపించాను. రబ్బరు గొట్టం దగ్గర నవ్వారు. "సగటు" దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమన్నారు, చదివాను. కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం తానే తీసి ఆ పేజీ తెరిచి, మా అబ్బాయిని పిలిచి చూపించారు. వాడు ఎర్ర వరుసల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు ఉన్నాయి.

గట్టు_మీద గారూ, ఫోటోలు ఆదివారం తీస్తాను. పంకాను చేత్తో తిప్పేవారు ఏమని అరిచేవారో మా అబ్బాయి అడగమంటున్నాడు.

మాజీ_ఫిట్టర్
"స్విచ్ ఆఫ్" అని కిందివాడు. "స్విచ్ ఆఫ్" అని పైవాడు. పంకా తిప్పి పెట్రోలు లోపలికి లాగాక, "కాంటాక్ట్" అని కిందివాడు, స్విచ్ వేసి "కాంటాక్ట్" అని పైవాడు. అప్పుడే గట్టిగా ఒక్క లాగు లాగి వెనక్కి జరగాలి. బాబును వెనక్కి జరగడం మరిచిపోవద్దని చెప్పండి.